పీటల మీద కూర్చున్నది శశిరేఖ కాదు

(అనంతపురంలో మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతిలో, ‘మాయాబజార్’ ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా సెక్షన్లు రాసుకుని అందరి చేతులూ నొప్పి పుట్టి ఉంటాయి. నిన్న రాత్రి ‘మాయాబజార్’ వేస్తే హాయిగా నవ్వుకున్నారు. పొద్దున్నే మళ్ళీ ఆ సినిమా మీద ప్రసంగమంటే, ‘నవ్విన నవ్వుని కూడా ఈమె వదిలిపెట్టేట్టు లేదే’ అని కొందరు అనుకుంటూ ఉండొచ్చు. నిజమే, వదిలిపెట్టను. డబ్బు చూసి కుదిర్చే పెళ్ళిళ్ళ మీద మన తెలుగువాళ్ళు ఏడ్చినదానికంటే నవ్వినదే ఎక్కువ. నాటకాల్లో నవ్వారు, సినిమాల్లో నవ్వారు. ఆశపోతు మామల్ని, గయ్యాళి వియ్యపురాళ్ళని తెర మీద చూసి వందేళ్ళకి పైగా చప్పట్లు కొడుతూనే ఉన్నాం. ఆ డబ్బు మాత్రం ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలియాలంటే ఆ నవ్వు ఎక్కడ పుట్టిందో చూడాలి.

‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డిగారు మన తాడిపత్రి ప్రాంతం మనిషి. విజయా సంస్థ తరఫున తీశారు. 1957 మార్చి 27న విడుదలయింది. పైకి పురాణంలా ఉంటుంది గానీ భారతమంతా వెదికినా ఈ శశిరేఖ కనబడదు. జనం కల్పించుకున్న కథ ఇది. నాటకాలుగా ఆడారు, 1936లోనే ఒకసారి సినిమాగా కూడా వచ్చింది. జనం ఒక కథని కల్పించుకుని ఇంతకాలం మోశారంటే అందులో వాళ్ళ ఇంటి సంగతి ఏదో ఉండి ఉండాలి.

ఏమిటా సంగతి? నగలూ కిరీటాలూ పక్కనబెట్టి చూడండి. సుభద్ర కొడుకు అభిమన్యుడికి అన్న బలరాముడి కూతురు శశిరేఖని ఇస్తానని చిన్నప్పుడే మాట. పాండవులు రాజ్యం పోగొట్టుకున్నారు, అడవుల పాలయ్యారు. అంతే, మాట మారింది. రేవతికి ఇప్పుడు ఆడపడుచు కొడుకు కంటికి ఆనలేదు. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణ కుమారుడి సంబంధం వచ్చింది. ఆస్తి ఉంది, హోదా ఉంది. అటు దుర్యోధనుడికీ శకునికీ కావాల్సింది కోడలు కాదు, రేపటి యుద్ధంలో యాదవుల పొత్తు. (రాజకీయ కుటుంబాల పొత్తులు పెళ్ళిపందిళ్ళలో కుదరడం మన సీమవాళ్ళకి నేను చెప్పాలా!) వాన పడక, బోరు ఎండి, అప్పులైన అన్న ఇంట్లో పిల్లనివ్వడానికి వెనకాడి, పట్నంలో ఉద్యోగమున్న అబ్బాయికోసం తిరిగే మన ఊళ్ళ సంగతే ఇది. కాకపోతే ద్వారకలో జరిగింది.

మా జేజినాయనమ్మల కాలంలో మన మెట్ట పల్లెల్లో చాలా కులాల్లో ఉన్నది కట్నం కాదు, ఓలి. మగపెళ్ళివాళ్ళే పిల్ల తల్లిదండ్రులకి ఇంత అని ఇచ్చేవాళ్ళు. చాలా చోట్ల కులపెద్దల కట్టుబాటు ప్రకారం నిర్ణయమైన చిన్న మొత్తం అది. ఆడది పొలంలో చేసే చాకిరికి ఆపాటి లెక్క ఉండేది. మేనరికం ఉంటే అదీ పెద్దగా పట్టింపు లేదు. తర్వాత శనక్కాయ పంట వచ్చి చేతిలో రొక్కం ఆడింది, చదువులు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. ఓలి ఇచ్చిన కులాలే కట్నం అడగడం మొదలుపెట్టాయి. పైకులాల్ని చూసి నేర్చుకోవడమే గొప్ప అనుకున్నాం. ఇక్కడ ఒక మాట. ఓలి కాలం బంగారు కాలమని నేను అనడం లేదు. మేనరికం అంటే పిల్ల ఇష్టమని కూడా కాదు. ఓలిలోనూ పిల్లనే ధర కట్టారు, మేనరికంలోనూ పిల్లని అడగలేదు. కానీ డబ్బు ప్రయాణం చేసే దారి తిరగబడింది, అది తిరగబడుతున్న రోజుల్లోనే ఈ సినిమా వచ్చింది. మరుసటి ఏడాది, 1958లో, ఆంధ్రప్రదేశ్ వరకట్న నిషేధ చట్టం చేసింది. దేశమంతటికీ చట్టం 1961లో వచ్చింది. శాసనసభల్లో చర్చకొచ్చిన విషయమే సినిమా హాల్లోనూ ఆడింది.

సినిమాలో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంది, గుర్తుందా? ఎవరు తెరిస్తే వాళ్ళకి ఎంతో ఇష్టమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు కనబడ్డాడు. బలరాముడికి దుర్యోధనుడు కనబడ్డాడు. రేవతికి నగలు కనబడ్డాయి. నిన్న రాత్రి ఆ సీనులో హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, ఛాయాదేవిగారి ముఖం చూసి నవ్వకుండా ఉండటం కష్టం. కానీ ఆలోచించండి. మాట ఇచ్చింది బలరాముడు, తప్పింది బలరాముడు, పొత్తు కోరింది దుర్యోధనుడు, ఎత్తు వేసింది శకుని. మనం నవ్వింది రేవతిని చూసి. నగల పెట్టె ఆడదాని కళ్ళముందు పెట్టి, ఆశంతా ఆమెదే అన్నట్టు కథ నడిచింది. మన పంచాయితీల్లోనూ ఇదే కదా వింటున్నాం. ‘నాకేం వద్దు, మా ఆడోళ్ళే ఒప్పుకోరు’ అని ప్రతి మగపెళ్ళి పెద్దా అంటాడు. రొక్కం లెక్కపెట్టుకునేది మాత్రం ఆయనే. రేవతికి నగల మీద ఆశ ఉండకూడదని కాదు. సొంత పేరున సెంటు భూమి లేని ఆడదానికి మెడలో ఉన్నదే బ్యాంకు. ఆ పెట్టెలో రేవతికి పొలం కనబడే ఏర్పాటు ద్వారకలో లేదు మరి.

ఇప్పుడు అసలు సీనుకి వస్తాను. పెళ్ళి ఆపాలి. ఎలా ఆపారు? శశిరేఖని మంచంతో సహా ఎత్తుకెళ్ళి ఘటోత్కచుడు తన ఆశ్రమంలో పెట్టాడు. తాను శశిరేఖ రూపం ధరించి ద్వారకలో కూర్చున్నాడు. చీరలూ నగలూ చూసుకుంటూ ఆడిపాడేది, పీటల మీద పెళ్ళికొడుకు కాలు తొక్కి బెదరగొట్టేది ఆ మాయా శశిరేఖే. సావిత్రిగారు ఆ పాత్రని ఎంత బాగా చేశారంటే, ఆడపిల్ల ఒంట్లో మగవాడి పొగరు అడుగడుగునా తెలుస్తూనే ఉంటుంది. అరవై ఏళ్ళు దాటినా, 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేసినా, పిల్లా పెద్దా అందరూ నవ్వేది అక్కడే.

నిన్న ఆ సీను అయిపోయాక, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె నా పక్కన కూర్చుని నెమ్మదిగా అంది: “ఆ బిడ్డ బదులు రాక్షసుడు కూచున్నాడు, బాగుంది. మన బిడ్డల బదులు ఎవురు కూచుంటారమ్మా?” రాత్రంతా నాకు ఆ ప్రశ్నే.

ఎందుకంటే ఆ పీటల మీద ఎదురుతిరిగింది శశిరేఖ కాదు. శశిరేఖ ఆశ్రమంలో క్షేమంగా ఉంది, అక్కడ ఆమె పెళ్ళి ఆమెకి జరుగుతోంది. వద్దన్న పెళ్ళికొడుకు కాలు తొక్కే అవకాశం ఆమెకి ఇవ్వలేదు. లోపల మగవాడున్నాడని మనకి తెలుసు కాబట్టే ఆ కాలు తొక్కడం తమాషాగా ఉంది. లోపల నిజంగా శశిరేఖే ఉండి, నిండు పందిట్లో పెళ్ళికొడుకు కాలు కసిదీరా తొక్కి లేచి నిలబడి ఉంటే 1957లో హాలు నవ్వేదా? ఇప్పుడు నవ్వుతుందా?

ఇది ఒక్క సినిమా సంగతే అయితే నేనింత పట్టించుకోను. ‘కన్యాశుల్కం’ గుర్తుచేసుకోండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళని విజయనగరం మహారాజు లెక్క కట్టిస్తే 1,034 తేలాయని గురజాడే తన ముందుమాటలో రాశారు. అందులో ముగ్గురు పిల్లల వయసు ఒక్క ఏడాది. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మబోతాడు. మేనమామ కరటకశాస్త్రి ఏం చేశాడు? తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ఆ ముసలాయనకి కట్టబెట్టాడు. మళ్ళీ అదే! పీటల మీద మగపిల్లాడు. సుబ్బి గొంతు మనకి వినబడేదే అరుదు.

అరవై ఐదేళ్ళ తేడాతో రెండు గొప్ప రచనలు, రెండింటిలోనూ ఒకటే ఉపాయం. ఆడపిల్లని ఆ పెళ్ళి నుంచి తప్పించాలంటే ఆమె స్థానంలో మగవాడిని కూర్చోబెట్టడమే మనకి తోచింది. గురజాడని గానీ కె.వి. రెడ్డిని గానీ నేను తప్పుపట్టడం లేదు. వాళ్ళ కాలానికి వాళ్ళు గుచ్చాల్సిన చోటే గుచ్చారు. విడిదిలో మగపెళ్ళివారి దర్జాని, అది లేదు ఇది లేదు అని వాళ్ళు పెట్టే ఆరళ్ళని గింబళీ గిల్పాలతో ఎంత చక్కగా దులిపారు! ఆడపెళ్ళివాళ్ళ తరఫున ఇంతకంటే తియ్యని పగ ఎవరూ తీర్చుకోలేదు. నా ప్రశ్న మనగురించి. మనం కూడా కేసు రాగానే చూసేది ఆ ఘటోత్కచుడి కోసమే కదా? ఎస్సైగారు వస్తాడా, ఎమ్మెల్యేగారితో చెప్పిద్దామా, పెద్దమనుషులు ఎవరు?

‘పెళ్ళి చేసి చూడు’ చూసినవాళ్ళు ఎంతమంది? 1952లో అదే విజయా సంస్థ తీసింది, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం. ఇది నేరుగా కట్నం మీద హాస్యం. ఒప్పుకున్న కట్నం అందలేదని పెళ్ళికొడుకు తండ్రి కొడుకుని పందిట్లోంచి లాక్కుపోతాడు. కొడుకు మంచివాడు, ఎన్.టి. రామారావుగారు కదా. తండ్రికి ఎదురుచెప్పలేక పిచ్చి నటిస్తాడు. భార్య నర్సు వేషంలో అత్తింట చేరుతుంది. చూడండి, ఇక్కడ భార్య స్వయంగా ఆ ఇంట్లో అడుగుపెట్టింది, కానీ నర్సుగా. భార్యగా రావడానికి హక్కున్న ఇంటికి సేవ చేసే వేషంలో రావాల్సి వచ్చింది. మామగారి మనసు మారాక అంతా సుఖాంతం. మామగారి మనసు మారకపోతే ఏమిటన్నది సినిమాలో లేదు, మన కార్యాలయాల్లో ఉంది.

ఒక్కచోట మాత్రం ఆడపిల్ల తానే మాట్లాడింది. కాళ్ళకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయం’. 1939లో సి. పుల్లయ్యగారు సినిమా తీశారు, భానుమతిగారి మొదటి చిత్రం అదే. పెద్దకూతురు కాళింది, తన కట్నం కోసం తండ్రి ఇల్లు గుల్లవడం చూడలేక బావిలో పడి చనిపోతుంది. ఇచ్చిన కట్నాన్ని లోభి మామ తిరిగివ్వడు. చెల్లెలు కమల అదే పెళ్ళికొడుకుని చేసుకుని, పెళ్ళయ్యాక అత్తింటికి వెళ్ళనంటుంది. డబ్బు పోసి కొన్నది మేము, కొన్న వస్తువు మా ఇంటికే రావాలి గదా అని కోర్టులో వాదిస్తుంది. నవ్వొస్తుంది, నిజంగానే. కానీ ఈ నవ్వుకి ముందు ఒక పిల్ల బావిలో ఉంది. చెల్లెలు నోరు తెరవడానికి అక్క చావాల్సి వచ్చింది. మన జిల్లాల్లో బావులు ఎండిపోయాయి, పురుగుల మందు డబ్బాలు ఇంటింటా ఉన్నాయి. 2022లో కూడా దేశంలో వరకట్న మరణాల కేసులు 6,000కి పైగా నమోదయ్యాయి. నమోదైనవి మాత్రమే.

డబ్బు కోసం పెళ్ళి మీద నవ్వడం మన సొత్తేమీ కాదు. ఇటలీవాళ్ళు ఇందులో ఆరితేరారు. 1959లో దీనో రీసి అనే దర్శకుడు ‘ఇల్ వెదోవో’ అనే సినిమా తీశాడు, భార్య పోయినవాడు అని అర్థం. అల్బెర్తో సోర్ది అక్కడ పెద్ద హాస్యనటుడు. అతను వేసిన పాత్ర మిలాన్‌లో అప్పులపాలైన వ్యాపారి, డబ్బున్న ఆమెని చేసుకున్నాడు. భార్య రైలు ప్రమాదంలో పోయిందని వినగానే లోలోపల సంబరపడతాడు. ఆమె ఆ రైలెక్కనేలేదు! తిరిగొస్తుంది. ఇక లిఫ్టులో ఆమెని చంపడానికి ఎత్తు వేసి, చివరికి తానే ఆ గోతిలో పడతాడు. అదంతా నవ్వులాటే. ఎందుకు నవ్వగలిగారంటే, అందులో డబ్బు భార్య చేతిలోనే ఉంది. సంతకం ఆమెది. రూపాయి కావాలంటే మొగుడు ఆమె ముందుకొచ్చి నిలబడాలి. మన సినిమాల్లో, మన ఊళ్ళలో డబ్బు ఒక నాయన జేబులోంచి ఇంకో నాయన జేబులోకి పోతుంది. ఆమె పేరు మీద జరిగే ఆ వ్యవహారంలో ఆమె చెయ్యి తగలదు.

ఇక్కడే మనం నిలబడి మాట్లాడుకోవాల్సింది.

మన మెట్టలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా పడాల్సినప్పుడు పడదు. కాయ నేలలో ఉండగానే పెళ్ళి మాట్లాడతారు, పంట వస్తుందని. పంట రాదు, పెళ్ళి ఆగదు. వడ్డీకి తెస్తారు. మనలో మనం దాచుకోవడం ఎందుకు, సంఘం పుస్తకంలో ‘గొర్రెల కోసం’ అని రాసిన అప్పులు ఎన్ని పెళ్ళిపందిట్లో ఖర్చయ్యాయో ఇక్కడున్న లీడర్లకి తెలుసు. కాగితం మీద గొర్రెలు మేస్తూనే ఉంటాయి, కంతులు మాత్రం తల్లి కూలి డబ్బుల్లోంచి కడుతుంది. ధర్మవరంలో మగ్గం మీద ఎవరి పెళ్ళికో పట్టుచీర నేసే తల్లి సొంతబిడ్డ పెళ్ళికి అప్పుచేసే సంగతి కూడా మనకి కొత్త కాదు.

తర్వాత ఆ పిల్ల ఏడాదికో రెండేళ్ళకో దెబ్బలతో తిరిగొస్తుంది. పంచాయితీ పెడతారు. మూడు నెలల కింద ఒక పంచాయితీలో నేను కూర్చున్నాను, ఊరిపేరు అక్కర్లేదు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా లెక్కలు. రొక్కం ఇంత, బంగారం ఇన్ని తులాలు, బండి ఒకటి. వాడినందుకు ఇంత తగ్గింపు. బండికే కాదు, పిల్ల ఉన్న రోజుల తిండికి కూడా తగ్గింపు అడిగాడు అటువైపు పెద్దమనిషి! చివరికి ఒక మొత్తం తేల్చారు. డబ్బు తెచ్చి ఎవరి చేతిలో పెట్టారు? తండ్రి చేతిలో. తండ్రి అక్కడే అప్పిచ్చినవాడికి కట్టేశాడు. ఆ తండ్రి చెడ్డవాడు కాదు, మెడమీద కత్తి ఉన్నవాడు. పిల్ల గడప అవతల కూర్చుని ఉంది. సంతకానికి పిలిచారు. ‘పిల్లకేమిటి?’ అని నేనడిగితే అందరూ నా వైపు విచిత్రంగా చూశారు. పిల్లకి విముక్తి కదమ్మా, అన్నాడొకాయన.

1961 చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. మూడు, నాలుగు సెక్షన్లు అందరికీ నోటికొచ్చు. ఇచ్చినా పుచ్చుకున్నా నేరం, అడిగినా నేరం. 498-ఎ అయితే చిన్నపిల్లలకి కూడా తెలుసు, 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది, వరకట్న మరణం 304-బి కాస్తా 80 అయింది, రాసుకోండి. ఈ ఆరో సెక్షన్ సంగతి మాత్రం పోలీసు స్టేషన్లలో కూడా ఎవరూ ఎత్తరు. అది చెప్పేదేమిటంటే, కట్నం ఎవరు పుచ్చుకున్నా సరే, అది భార్య మేలు కోసం ఆమె తరఫున దాచినట్టే లెక్క. పెళ్ళికి ముందు పుచ్చుకుంటే పెళ్ళయిన మూడు నెలల్లో, పెళ్ళప్పుడో తర్వాతో పుచ్చుకుంటే పుచ్చుకున్న మూడు నెలల్లో ఆమెకి అప్పగించాలి. అప్పగించకపోతే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆమె అసహజంగా చనిపోతే ఆ సొమ్ము పిల్లలుంటే పిల్లలకి, లేకపోతే ఆమె తల్లిదండ్రులకి చెందుతుంది. మొగుడికి కాదు. ఈ చట్టం అన్ని మతాలకీ వర్తిస్తుంది. కదిరి, హిందూపురం నుంచి వచ్చిన ముస్లిం అక్కచెల్లెళ్ళు గుర్తుంచుకోండి, మెహర్ దీని కిందికి రాదు గానీ కట్నం వస్తుంది.

అంటే ఆ రోజు గడప అవతల కూర్చున్న పిల్లే ఆ మొత్తానికి యజమాని. గదిలో ఉన్న పదిహేనుమంది మగవాళ్ళూ ఆమె సొమ్ము పంచుకుంటున్నారు.

‘కట్నం ఇచ్చామని మేమే చెప్తే మా మీద కేసు పెడతారు గదా’ అని తల్లిదండ్రులు భయపడతారు. ఏడో సెక్షన్‌లో దీనికి జవాబుంది. బాధితులు ఇచ్చిన వాంగ్మూలాన్ని బట్టి వాళ్ళమీద ఈ చట్టం కింద కేసు నడపకూడదు. ఇది మీరు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అవతలివాళ్ళ వకీలు మొదట బెదిరించేది దీనితోనే.

ఇంకో వాదన వింటూ ఉంటాం. ‘ఆస్తిలో భాగం ఎలాగూ ఇవ్వం, కట్నమే ఆమె వాటా.’ చదువుకున్న ఆడవాళ్ళు కూడా అంటారు. వాటా అయితే అది ఆమె పేరున ఉండాలి, మామగారి పేరున ఉంటుందా? వాటా అయితే అన్నదమ్ములతో సమానంగా ఉండాలి. ఈ విషయంలో ఒక చిత్రం ఉంది. ‘మాయాబజార్’లో కృష్ణుడు ఎత్తులన్నీ వేస్తాడు గానీ శశిరేఖకి ద్వారకలో పుట్టుకతో ఏమొస్తుందన్న మాట అతనూ ఎత్తడు. ఆ కృష్ణ పాత్ర వేసిన రామారావుగారు తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు. 1985, 1989, 1994 ఎన్నికల్లో మన హిందూపురం నుంచే గెలిచారు. ఆయన ప్రభుత్వమే హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. దేశంలో ఆడపిల్లని అలా సహవారసురాలిని చేసిన మొదటి రాష్ట్రం మనదే. అప్పటికే పెళ్ళయినవాళ్ళని వదిలేశారు, అది పెద్ద లోటు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణలో ఆ లోటు తీరింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు కూతురిదేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపరిష్కారాల్ని మాత్రం ఇది కదిలించదు. కేసు తీసుకునే ముందు ఆ తేదీ చూసుకోండి.

చట్టం వచ్చింది గానీ దానికి విరుగుడు ఊళ్ళో వెంటనే తయారయింది. హక్కు విడుదల దస్తావేజు. పెళ్ళికి ముందో, తండ్రి పోయిన పదోరోజు అయ్యాకో కూతుళ్ళని జీపులో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళి సంతకాలు పెట్టిస్తారు. చీర పెడతారు, భోజనం పెడతారు. సంతకం పెట్టనంటే పుట్టింటి గడప తొక్కనివ్వరన్న భయం ఆమెది. ఆ భయం ఉత్తదని నేను చెప్పలేను. దెబ్బలు తిని తిరిగొచ్చే రోజున ఆమెకి ఉన్నది ఆ ఒక్క గడపే. అందుకే కట్నం కేసుని, భూమి కాగితాన్ని మనం విడివిడిగా చూడటం మానాలి. పుట్టింట్లో వాటా వదులుకున్న ఆడది, అత్తింట్లో కట్నం పోగొట్టుకున్న ఆడది ఒక్క మనిషే.

మధ్యాహ్నం ఎవరో అడిగారు, కథలూ సినిమాలతో ఏమవుతుందని. అక్షరాస్యత వాచకంలో ఆడవాళ్ళు ఏకమై సారాయి దుకాణం మూయించిన కథ ఒకటి చదివి, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు నిజంగానే మూయించారు. ఆ కథలో సారాయి ఆపింది మారువేషంలో ఉన్న మగవాడు కాదు. అంతవరకు చెప్పి ఊరుకుంటాను.

ఇక పని. వచ్చేనెలలో మీ ఊళ్ళలో పెళ్ళిళ్ళున్నాయి. కట్నం ఇవ్వొద్దనే మనం చెప్తాం, చెప్తూనే ఉంటాం. అడగకుండా, స్తోమతకి మించకుండా, వాడుక ప్రకారం పెట్టే కానుకలకి చట్టంలో మినహాయింపు ఉంది, అయితే అవి జాబితాలో రాసి ఉండాలి. 1985 నియమాల ప్రకారం పెళ్ళికూతురికి వచ్చిన కానుకల జాబితా పెళ్ళికూతురి దగ్గర, పెళ్ళికొడుకు కానుకలది అతని దగ్గర ఉండాలి. పెళ్ళప్పుడే, లేదా అయిన వెంటనే రాయాలి. ఒక్కో వస్తువు ఏమిటి, విలువ సుమారు ఎంత, ఎవరిచ్చారు, వాళ్ళు ఏమవుతారు. ఇద్దరూ సంతకం చెయ్యాలి. నమూనా కాగితాలు ఆ బల్ల మీద పెట్టాం, ఊరికి పది చొప్పున తీసుకెళ్ళండి. పిల్ల దగ్గర ఉండాల్సిన కాపీ బీరువా తాళంచెవులతోపాటు అత్తగారికి అప్పగించేస్తారు, ఒకటి సంఘం దగ్గర పెట్టండి. పెళ్ళికూతురు సంతకం చెయ్యలేకపోతే వేలిముద్ర చాలు. కాకపోతే వేలిముద్ర వేయించే ముందు జాబితా మొత్తం ఆమెకి చదివి వినిపించాలని నియమంలోనే ఉంది. పీటల మీద నుంచి లేవకముందే, అందరూ వింటుండగా, పైనుంచి కిందిదాకా గట్టిగా చదవండి.